నల్లబడ్డ అంగిలి ఏ రాష్ట్రం లెక్కలోకి వస్తుంది?

సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న ఆరోగ్య శాఖ అధికారులకు, పళ్ళ డాక్టర్లకు, ఊళ్ళల్లో సూది వేసే ఆర్‌ఎంపీలకు, నా తోటి మందుల షాపుల వాళ్ళకు –

నమస్కారం. నేను ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో చిన్న మందుల షాపు నడుపుకుంటున్నాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఈ ఉత్తరంలో ఉన్న సంగతే రెండుసార్లు అర్జీగా ఇచ్చాను. ఒకసారి ఒడియాలో రాయించి, ఇంకోసారి ఇంగ్లీషులో. ఒకదాని మీద ముద్ర వేసి ఇచ్చారు, రెండోదానికి అదీ లేదు. పద్నాలుగు నెలలు చూశాను. ఇక అందరూ చదివేలా రాయడం తప్ప దారి కనపడలేదు. తెలుగులో ఎందుకంటే, నా షాపు మెట్లెక్కేవాళ్ళలో చాలామంది నొప్పిని తెలుగులోనే చెప్పుకుంటారు.

విషయం మ్యూకర్‌మైకోసిస్. 2021లో టీవీల వాళ్ళు బ్లాక్ ఫంగస్ అన్నారు కదా, అదే. కోవిడ్‌తో వచ్చింది, కోవిడ్‌తోనే పోయింది అని అందరం అనుకున్నాం. మా బావకు వచ్చింది 2023 కార్తీక మాసంలో. అప్పటికి కోవిడ్ మాట ఎవరి నోటా లేదు.

బావకు యాభై నాలుగేళ్ళు. ధాన్యం వ్యాపారం. బస్తాలెత్తి ఎత్తి మోకాళ్ళు అరిగిపోయాయి. పక్క ఊరి ఆర్‌ఎంపీ దగ్గర వారానికొక సూది, ఇంటికొక పొట్లం. పొట్లంలో మూడు మాత్రలు. ఒకటి నొప్పికి, ఒకటి గ్యాస్‌కి, తెల్లగా చిన్నగా ఉండే మూడోది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. ఆ మూడో మాత్ర డబ్బాలు ఆ ఆర్‌ఎంపీకి వెళ్ళేది నా షాపు నుంచే. ఆ మాట దాచిపెట్టి ఈ ఉత్తరం రాయలేను. డెక్సా వేసుకుంటే నొప్పి తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ముఖం నిండుగా కనపడుతుంది. మనిషి ఒళ్ళు చేశాడని అక్క సంతోషపడింది. స్టెరాయిడ్ షుగర్‌ను పెంచుతుంది, ఆ షుగర్ ఎంతుందో మాత్రం ఎవరం చూడలేదు. మందులమ్మే నేనూ చూడలేదు.

ఎడమవైపు పై దవడలో ఒక పన్ను కదిలింది. పీకించుకున్నాడు. పీకిన చోట మానలేదు. అయిదో రోజుకి చెంప మొద్దుబారింది. గడ్డం గీసుకుంటుంటే తెగి రక్తం కారినా తెలియలేదన్నాడు. యాంటీబయాటిక్ మార్చారు. ఎనిమిదో రోజు ముక్కులోంచి కాఫీ రంగు నీరు. సైనస్ అన్నారు. పదకొండో రోజు పొద్దున షాపు తెరుస్తుంటే వచ్చి నిలబడ్డాడు. ఎడమ కంటి రెప్ప సగం వాలిపోయి ఉంది. నోరు తెరవమని ఫోన్ టార్చి వేసి చూశాను. అంగిట్లో, పన్ను పీకిన సందుకు ఆనుకుని, చింతపిక్కంత మేర నల్లగా, పొడిగా, మాడిన అట్టు అంచులా ఉంది. దూది పుల్లతో తాకితే నొప్పి లేదన్నాడు. నొప్పి లేదన్నాకే నాకు కాళ్ళు వణికాయి. గ్లూకోమీటర్ పెడితే 438.

విశాఖలో ఒక పెద్ద ఆసుపత్రిలో మంచం దొరికేసరికి ఇంకో రోజున్నర. దారిలో ఒకచోట ఒడిశా కార్డు చెల్లదన్నారు, ఇంకోచోట ఆ ఇంజెక్షన్ లేదన్నారు. కన్ను తీసేశారు. పై దవడ ఎడమ భాగం, అంగిట్లో సగం తీసేశారు. మనిషి దక్కాడు. ఇప్పుడు అంగిటికి ప్లేటు బిగించుకుంటే తప్ప తాగిన నీళ్ళు ముక్కులోంచి వచ్చేస్తాయి. ఒకప్పుడు బేరాలన్నీ ఫోన్లోనే చేసేవాడు. ఇప్పుడు అవతలివాళ్ళకు మాట అర్థం కాదు, పక్కన కొడుకు కూర్చుని మళ్ళీ చెబుతాడు.

ఇది మా ఇంటి కథ. ఇది మా ఇంటితో ఆగదని ఎందుకు అంటున్నానో చెబుతాను.

ఈ బూజు ఎక్కడి నుంచో ఊడిపడింది కాదు. తడి మట్టిలో, కుళ్ళిన ఆకుల్లో, పెంటకుప్పల్లో, పాచిపోయిన పళ్ళ మీద ఎప్పుడూ ఉండేదే. దాని గింజలు గాలిలో ఉంటాయి, రోజూ పీలుస్తాం. ఒంట్లో ఉన్న తెల్ల రక్తకణాలు చంపేస్తాయి. షుగర్ బాగా పెరిగి రక్తంలో ఆమ్లం చేరిందంటే ఆ కణాలు చేతులెత్తేస్తాయి. దానికి తోడు ప్రొటీన్లను అంటిపెట్టుకుని ఉండాల్సిన ఇనుము విడిపోయి బూజుకు మేత అవుతుంది. అది రక్తనాళాల్లోకి చొరబడి వాటిని మూసేస్తుంది. రక్తం అందని కండ చచ్చి నల్లబడుతుంది. ఆ నలుపు చచ్చిన కండది, బూజుది కాదు. ఇంకో మాట, ఇది మనిషి నుంచి మనిషికి అంటుకోదు. అంటుకుంటుందనుకుని మా అక్క ఇంటికి పాలు పోసే అతను మూడు నెలలు గేటు బయటే చెంబు పెట్టి వెళ్ళిపోయాడు.

పాశ్చాత్య దేశాల్లో ఇది ఎక్కువగా రక్త కాన్సర్ ఉన్నవాళ్ళకు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళకు వస్తుంది. మన దేశంలో షుగర్ వాళ్ళకు వస్తుంది. 2016, 2017లలో దేశంలోని 12 ఆసుపత్రుల్లో 465 మంది రోగులను పరిశీలిస్తే నూటికి 73 మందికి పైగా షుగర్ ఉంది. మూడింట రెండు వంతుల మందికి ముక్కు, కన్ను భాగాల్లోనే వచ్చింది. మూడు నెలలు తిరిగేసరికి సగం మందికి పైగా పోయారు. ఇదంతా కోవిడ్ పేరు పుట్టక ముందు మాట. మన దేశంలో లక్షకు 14 మందికి ఈ జబ్బు ఉండవచ్చని నిపుణుల అంచనా, అభివృద్ధి చెందిన దేశాల కన్నా డెబ్బై ఎనభై రెట్లు. ఇక 2021 జూన్ నెలాఖరుకు కేంద్ర ఆరోగ్య మంత్రి చెప్పిన లెక్క 40,845 కేసులు, 3,129 మరణాలు. ఆ రోగుల్లో 26,187 మందికి షుగర్ ఉంది, 21,523 మంది స్టెరాయిడ్లు వాడి ఉన్నారు. కేసుల్లో మహారాష్ట్ర, గుజరాత్ ముందున్నాయి. ఆ వరసలో మా సరిహద్దు జిల్లాల పేర్లు ఎవరూ వినలేదు. పెద్ద ఆసుపత్రి, మైక్రోస్కోపు ఉన్నచోటే కదా కేసు పేరు పుట్టేది. లేనిచోట అది పన్ను నొప్పిగానే మిగిలిపోతుంది, మనిషి పోతే పక్షవాతం ఖాతాలో పడుతుంది.

మా ప్రాంతానికి ఈ జబ్బుతో ఉన్న ముప్పు ఏమిటో, దానివల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో వరసగా రాస్తున్నాను.

1. తనకు షుగర్ ఉందని తెలియని మనిషి. 2023లో అచ్చయిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. మ్యూకర్ వచ్చి ఆసుపత్రిలో చేరాకే షుగర్ ఉందని మొదటిసారి తెలుసుకున్నవాళ్ళు దేశంలో ప్రతి పెద్ద ఆసుపత్రి రికార్డుల్లోనూ ఉంటారు. మా బావ అలాంటివాడే. సంతకు వచ్చే కొండ ఊళ్ళ సవరలను అడిగి చూడండి, షుగర్ అంటే టీలో వేసుకునేదే అనుకునేవాళ్ళు ఉన్నారు. గిడుగు రామమూర్తి గారు సవర భాషకు నిఘంటువు కట్టింది ఈ ఊళ్ళో ఉండే. తరాలు గడిచిపోయాయి, ఆ భాషలో షుగర్ గురించి ఒక్క పోస్టరు నా కంటికి కనపడలేదు.

2. నొప్పుల పొట్లం. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఇందులో నాకు వాటా ఉంది. కోవిడ్‌లో డెక్సామెథసోన్ ప్రాణాలు నిలబెట్టింది, నిజం. కానీ 2020లో బ్రిటన్ వాళ్ళ పరీక్షల్లో తేలింది ఏమిటి? రోజుకు 6 మిల్లీగ్రాములు, పది రోజులకు మించకుండా, అదీ ఆక్సిజన్ అవసరమైన రోగికే మేలు. మేం అప్పుడు అమ్మింది జ్వరం వచ్చిన ప్రతివాడికీ. కోవిడ్ పోయాక డెక్సా పేరు మాత్రం జనం నోట్లో మిగిలిపోయింది. మోకాళ్ళకు అదే, ఆయాసానికి అదే, దురదకు అదే, నాట్ల రోజుల్లో నడుం పట్టేస్తే అదే. చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. నా షాపులో అది కొనేవాళ్ళు చీటీ తెచ్చిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అమ్మనంటే రోడ్డు దాటి ఎదురు షాపుకి వెళతారు. ఈ మాట చెప్పి నేనూ ఎన్నో ఏళ్ళు నన్ను నేను సమాధానపరచుకున్నాను. పొట్లం మీద పేరు ఉండదు, పాళ్ళు ఉండవు. తీసుకునే మనిషికి తాను స్టెరాయిడ్ వాడుతున్నానని తెలియదు కాబట్టి పళ్ళ డాక్టరు "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగినా, "ఏమీ లేవండి, ఉత్త నొప్పి బిళ్ళలే" అంటాడు. బావ అన్నదీ అదే.

3. కిడ్నీలు. మాకు తూర్పున ఉద్దానం ఉంది. కారణం ఇదీ అని ఇంతవరకూ తేలకుండానే అక్కడి ఊళ్ళల్లో కిడ్నీలు పాడవుతున్నాయని దేశమంతా ఎరుగుదురు. పలాస, సోంపేట, కవిటి నుంచి మా వైపుకి పెళ్ళిళ్ళు, చుట్టరికాలు, వ్యాపారాలు. కిడ్నీ జబ్బున్నవాళ్ళకు మ్యూకర్ ముప్పు ఎక్కువ. దానికి ఇచ్చే ఆంఫోటెరిసిన్‌లో చవకరకం కిడ్నీలనే దెబ్బతీస్తుంది. అంటే ఈ మనిషికి జబ్బూ కిడ్నీ మీదే, మందూ కిడ్నీ మీదే. దేశానికంతా ఒకే చికిత్స పద్ధతి రాసిచ్చేటప్పుడు ఉద్దానం వాళ్ళ సంగతి విడిగా ఆలోచించాలి.

4. మట్టి గాయం. ఈ జాతి బూజుల్లో అపోఫైసోమైసిస్ అని ఒకటుంది. దానికి షుగర్‌తో పనిలేదు. ఆరోగ్యంగా ఉన్నవాడికైనా, లోతు గాయంలోకి మట్టి దూరితే చాలు. మన దేశంలో ఇది కొత్త కాదు. అమెరికాలో 2011 మే నెలలో జోప్లిన్ అనే ఊరిని సుడిగాలి ఊడ్చేశాక 13 మందికి ఈ రకం వచ్చింది, అయిదుగురు చనిపోయారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చి మా జిల్లాను ఎలా చేసిపోయిందో మీకు చెప్పనక్కర్లేదు. కొండచరియల కింద, కూలిన కొబ్బరి చెట్ల కింద పడి దెబ్బలు తిన్న జనానికి కట్లు కట్టి, టీటీ సూది వేసి పంపాం. వారం తర్వాత ఆ గాయాలు ఎలా ఉన్నాయో చూసినవాళ్ళు ఎవరు? గాయం చుట్టూ నల్లబడితే కడిగి, ముక్క తీసి పరీక్షకు పంపాలన్న మాట తుఫాను డ్యూటీకి వచ్చే సిబ్బందికి ముందే చెప్పి ఉంచాలి. మళ్ళీ అక్టోబరు రాకుండా పోదు.

5. ఇంజెక్షన్. కిడ్నీలకు కాస్త నయమైన లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములు ఇస్తారు. అరవై కిలోల మనిషికి 300 మిల్లీగ్రాములు, అంటే 50 మిల్లీగ్రాముల సీసాలు ఆరు. రోజుకు ఆరు. మూడు వారాలకు 126. మీ దగ్గర కాలిక్యులేటర్ ఉంటే ఒక్క సీసా ధరతో గుణించి చూడండి. అది అయ్యాక నెలల తరబడి పోసకొనజోల్ బిళ్ళలు. 2021 జూన్ 12న జీఎస్టీ కౌన్సిల్ ఆంఫోటెరిసిన్ మీద పన్ను పూర్తిగా ఎత్తేసింది. ఆ మినహాయింపు ఆ ఏడాది డిసెంబరుతో అయిపోయింది. జబ్బు డిసెంబరుతో అయిపోలేదు. మా అక్క తాకట్టు పెట్టిన గొలుసు, రెండు జతల గాజులు ఇంకా ఇంటికి రాలేదు.

ఇంకోటి. "ఫంగస్ అట" అని తెలియగానే మా దగ్గర చేతికందేది ఫ్లూకొనజోల్. ఈ బూజు మీద అది పనిచేయదు. వోరికొనజోల్ కూడా పనిచేయదు. అవి మింగుతూ గడిపే ప్రతి రోజూ కంటికి దగ్గరయ్యే రోజే. అమెరికాలో రక్త కాన్సర్ రోగుల మీద చేసి 2008లో అచ్చయిన పరిశీలనలో, ఆంఫోటెరిసిన్ మొదలుపెట్టడం ఆరు రోజులు, అంతకు మించి ఆలస్యమైనవాళ్ళలో మరణాలు దాదాపు రెట్టింపు. మా బావకు పన్ను పీకిన రోజు నుంచి మొదటి సీసా ఎక్కేదాకా పన్నెండున్నర రోజులు.

6. లెక్క. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు మేం ఇటు వచ్చాం. చుట్టాలు అటు ఉండిపోయారు. ఊరు దాటితే ఆంధ్రలోని పాతపట్నం. జబ్బు చేస్తే ఒకరు బరంపురం బస్సెక్కుతారు, ఇంకొకరు శ్రీకాకుళం, విశాఖ వెళతారు. మా బావ ఆధార్ ఒడిశాది, ఆపరేషన్ ఆంధ్రలో. ఆ కేసు ఎక్కడ నమోదైందో కనుక్కుందామని ఒక ఆఫీసుకి వెళితే గుమాస్తా, "కోవిడ్ కేసా? ఆ రిజిస్టర్ మూసేశాం" అన్నాడు. మనిషి మంచివాడే, టీ కూడా ఇప్పించాడు. 2021 మే నెలలో ఈ జబ్బును తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చమని కేంద్రం అన్ని రాష్ట్రాలకూ రాసింది. ఇప్పుడు సరిహద్దు దాటి వైద్యం చేయించుకున్న రోగిని ఎవరు ఎవరికి తెలియజేయాలి? ఇటువాళ్ళు అటువాళ్ళ కేసు అంటారు, అటువాళ్ళు ఇటు అడ్రస్ అంటారు. లెక్కలో లేని జబ్బుకు ఇంజెక్షన్ స్టాకు ఎందుకు పెడతారు? స్టాకు లేదు కాబట్టి రోగులు అటు వెళతారు. అటు వెళ్ళారు కాబట్టి ఇక్కడ కేసులు లేవు.

ఇక నేను అడుగుతున్నవి. ఏదీ కోట్ల పని కాదు.

పళ్ళ డాక్టర్లకు: నలభై దాటిన మనిషి పై దవడ పళ్ళు కారణం లేకుండా కదిలితే, పీకే ముందు వేలి నుంచి ఒక చుక్క తీసి షుగర్ చూడండి. పీకిన చోట వారానికి మానకపోతే, చెంప మొద్దుబారిందంటే, యాంటీబయాటిక్ మార్చడం ఆపి అంగిలి చూడండి, చెవి ముక్కు గొంతు డాక్టరుకి రాసివ్వండి. జబ్బు మొదట కనపడేది మీకే. అందుకే మీ పేరు ముందు రాశాను, తప్పు పట్టి కాదు.

ఆర్‌ఎంపీలకు: అన్నా, తమ్ముడూ, మీరు లేకపోతే కొండ ఊళ్ళల్లో అర్ధరాత్రి జ్వరానికి దిక్కు లేదని నాకు తెలుసు. పొట్లం మీద మందు పేరు రాయండి. డెక్సా, ప్రెడ్నిసోలోన్ మీరు మొదలుపెట్టకండి. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్ళకు ఒక్కసారిగా ఆపేయకండి, అదీ ప్రమాదమే. వాళ్ళను డాక్టరు దగ్గరికి పంపండి.

మందుల షాపుల వాళ్ళకు: చీటీ లేని స్టెరాయిడ్ అమ్మకం అందరం ఒకేరోజు ఆపితే ఎదురు షాపు భయం ఎవరికీ ఉండదు. తేదీ మీరు చెప్పండి, నేను సిద్ధం.

అధికారులకు నాలుగు విన్నపాలు. జిల్లా ఆసుపత్రి స్థాయిలో కేఓహెచ్ పరీక్ష రోజూ జరగాలి. తామరకు, గోటి బూజుకు చర్మం డాక్టర్లు చేసేది అదే. నల్లబడ్డ చోట గీకిన ముక్క, ఒక చుక్క ద్రావణం, మైక్రోస్కోపు ఉంటే చాలు, వెడల్పాటి రిబ్బన్ లాంటి పోగులు అదే పూట కనపడతాయి. రెండోది, ఒక్క రోగికి మొదటి మూడు రోజులకు సరిపడా లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ ప్రతి సరిహద్దు జిల్లా కేంద్రంలో ఉంచండి. మిగతా సీసాలు వచ్చేలోపు మనిషి నిలబడతాడు. మూడోది, గజపతి, రాయగడ, గంజాం, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాలకు కలిపి ఒకే రిజిస్టర్ పెట్టండి. రోగి ఎక్కడివాడు, ఎక్కడ వైద్యం జరిగింది, షుగర్ ఎంత, స్టెరాయిడ్ వాడాడా, గాయమా, ఏ రోజు లక్షణం మొదలై ఏ రోజు మందు పడింది, ఇవి రాస్తే చాలు. నాలుగోది, ఏ కార్డు సరిహద్దు అవతల ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో తెలుగులో, ఒడియాలో, సవరలో పెద్ద అక్షరాలతో బస్టాండులో రాయించండి. రాత్రి రెండు గంటలకు ఆసుపత్రి కౌంటరు దగ్గర నిలబడి తెలుసుకునే సంగతి కాదది.

పోయిన సంక్రాంతి నుంచి నా కౌంటరు మీద గ్లూకోమీటర్ పెట్టాను. నొప్పి బిళ్ళలకు వచ్చినవాళ్ళకు ముందు వేలు గుచ్చి చూస్తున్నాను. కొందరు తిట్టుకుంటూ వెళతారు, కొందరు ఇంటికెళ్ళి భార్యను కూడా తీసుకొస్తారు. 200 దాటినవాళ్ళ ఊరు, వయసు, వాడే పొట్లం వివరం ఒక నోటుబుక్‌లో రాస్తున్నాను. మొదటి పుస్తకం నిండి రెండోది మొదలైంది. ఆ రెండు పుస్తకాలు ఎవరి బల్ల మీద పెట్టాలో చెప్పండి, తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
పర్లాకిమిడిలో ఒక మందుల షాపు యజమాని